కొబ్బరినీళ్లు తాగిన విత్తనాల మిషన్

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఒక్కటే ఉండేది. నాకు తెలియనివి కూడా కొన్ని ఉంటాయన్న సంగతి. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చి నెల కూడా కాలేదు. సర్టిఫికెట్‌కు చేయించిన లామినేషన్ వాసన ఇంకా పోలేదు. ఆ వయసులో చేతిలో డిప్లొమా ఉంటే కనిపించిన ప్రతి వస్తువునూ విప్పి చూడాలనిపిస్తుంది (మళ్లీ బిగించడం గురించి ఎవరూ ఆలోచించరు). మొయినాబాద్‌లో మా ఇంటి మిక్సీ, నాన్న స్కూటరు, చిన్నమ్మ కుట్టుమిషన్ అప్పటికే నా చేతిలో పడి నానా అవస్థలూ పడ్డాయి. ఇక లాభం లేదని అమ్మ నన్ను బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేర్పిస్తానంది. నేను చేవెళ్లలో మేనమామ నడిపే వెల్డింగ్ షాపులో చేరతానన్నాను. వెల్డింగ్ షాపులో ఆడపిల్లకేం పని అని అమ్మ, ఇంట్లో సామాన్లన్నీ విప్పడం అయిపోయింది కదా, ఇక ఇక్కడ మాత్రం ఏం పని అని నేను. చివరికి మామే తీర్పు చెప్పాడు. "రానియ్యక్కా. ఈ వానకాలం వరకు చూద్దాం. సొంతంగ ఒక్క కొత్త సామాను చేసి, అది నడుస్తదని నలుగురికి చూపిస్తె షాపుల ఉంటది. లేకుంటె నేనే తోలుకపోయి కోచింగ్‌ల కూసోబెడ్త." అమ్మ సరేనంది. నాకు మాత్రం గుబులే. బ్యాంకులో విప్పడానికి ఏముంటుంది?

మామ షాపు బీజాపూర్ రోడ్డు మీదే ఉండేది. ఒక పక్క టైర్ల షాపు, ఇంకో పక్క చాయ్ హోటల్. రోజూ పొద్దున్నే మొయినాబాద్‌లో బస్సెక్కి వెళ్లేదాన్ని. షాపులో ఎక్కువగా తయారయ్యేవి గేట్లు. అప్పట్లో మా చుట్టుపక్కల పొలాల్లో పంటల కంటే గేట్లే ఎక్కువ మొలిచేవి. స్థలం కొన్నవాళ్లు ముందు గేటు పెట్టించేవాళ్లు, ఆ తరువాత చాలామంది ఇంకేమీ పెట్టించేవాళ్లు కాదు. మామ కడుపు నింపింది గేట్లే అయినా ఆయన మనసు మాత్రం షాపు మూలన టార్పాలిన్ కింద పడుకున్న ఒక ఇనుప సామాను మీద ఉండేది. అది మక్కలు (మొక్కజొన్న) విత్తడానికి ఎడ్లతో లాగే మిషన్, ఒకేసారి రెండు సాళ్లు వేసేది. ఎప్పుడో చాలా ఏళ్ల కింద మామ సొంతంగా తయారుచేశాడు. కొన్న రైతు ఒక్క పూట వాడి, తన బండి మీదే తెచ్చి, ఒక్క మాట కూడా అనకుండా షాపు ముందు దింపి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే మామ తట్టుకునేవాడు. మా వైపు తిట్టకుండా తిరిగిచ్చారంటే అంతకు మించిన తిట్టు లేదు.

దాని కథ నాకు టార్పాలిన్ తీసిన మొదటి రోజే అర్థమైంది. విత్తనాల డబ్బా అడుగున చిల్లులున్న ఇనుప పట్టీ ఒకటి ఉంది. చక్రం తిరిగినప్పుడల్లా ఒక కడ్డీ ఆ పట్టీని ముందుకూ వెనక్కూ జరుపుతుంది. చిల్లు వచ్చి పైపు మూతి మీద ఆగినప్పుడు గింజ కిందికి పడాలి. పడేవి కూడా. ఎన్ని పడాలన్నది మాత్రం దాని ఇష్టం. ఒక చోట అయిదు, ఇంకో చోట సున్నా, మధ్యలో ఎక్కడైనా పట్టీ కింద నలిగి పిండైన గింజ ఒకటి. "ఇది మిషన్ గాదు మామా, పిండి గిర్ని" అన్నాను. మామ నొచ్చుకున్నాడు కానీ స్పానర్ల డబ్బా నా వైపు జరిపాడు. ఆయన దగ్గర అనుమతి అంటే అదే.

ముందుగా పట్టీ తీసిపారేసి, దాని స్థానంలో అంచు చుట్టూ గుంటలున్న గుండ్రటి ప్లేట్లు పెట్టాలనుకున్నాను. ఒక్కో గుంటలో ఒక్క గింజే పట్టాలి, రెండోదానికి చోటుండకూడదు. దాని కోసం మక్కగింజల కొలతలు కావాలి. మూడు రోజులు బల్ల ముందు కూర్చుని, ఒక్కో గింజ పొడవు, వెడల్పు, మందం కొలిచి రాసుకున్నాను. షాపుకు వచ్చినవాళ్లందరికీ మామ అదే పనిగా చెప్పేవాడు. "మా కోడలు మక్కలకు అంగీలు కుట్టిస్తున్నదే. కొలతలు తీస్తున్నది." ఆ తరువాత, గుంటలో ఉన్న గింజ మీద ఇంకో గింజ ఎక్కి కూర్చుంటే దాన్ని పక్కకు తోసేందుకు కుచ్చు కావలసి వచ్చింది. మామ టూత్‌బ్రష్ సరిగ్గా సరిపోయింది. (రెండో సాలుకు కూడా ఒకటి కావాలి కాబట్టి ఆయన కొత్తది కొన్నాక అదీ సరిపోయింది.) గుంటలో ఇరుక్కున్న గింజను కిందికి తట్టడానికి చిన్న స్ప్రింగులు కావాలి. బాల్‌పెన్నుల్లో దొరికాయి. ఆ నెలంతా మా షాపులో ఏ పెన్నూ టిక్కుమనలేదు. టిక్కుమన్నదల్లా మిషనే. ఒక్కో గింజ పడ్డప్పుడు ఒక్కో టిక్కు.

వీటన్నిటికంటే నేను ఎక్కువగా మురిసిపోయింది ఒక పిన్ను చూసి. సాలులో మట్టిగడ్డో రాయో ఎగిరి డబ్బాలో పడి ప్లేటు బిగుసుకుపోతే చైను తెగిపోతుంది కదా. అలా కాకుండా చక్రానికీ ప్లేటుకూ మధ్య ఒక సన్నటి పిన్ను పెట్టాను. ప్లేటు బిగుసుకుంటే ముందు ఆ పిన్ను విరిగిపోతుంది, చక్రం దాని మానాన అది తిరుగుతూ ఉంటుంది, చైనుకు ఏమీ కాదు. చప్పుడు కూడా ఉండదు. ఈ ఆలోచన వచ్చిన రోజు నేను బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా కూర్చోలేదు. నిలబడే వచ్చాను. అంత గర్వం. షాపు సిమెంటు నేల మీద మిషన్‌ను తోసి చూపిస్తే, జానెడుకొక గింజ చొప్పున బుద్ధిగా వరసలో పడ్డాయి. మామ నేల మీద బోర్లా పడుకుని ఆ వరసను ఒంటికన్నుతో చూశాడు. లేచి మోకాళ్లు దులుపుకుని "చాయ్ తాగుదామా" అన్నాడు. ఆయన్నుంచి అంతకంటే పెద్ద మెప్పు ఎవరికీ దొరకలేదు.

అలాంటి సమయంలో షాపుకు వచ్చింది గింజలవ్వ. ఎంకపల్లి మనిషి, అప్పటికే అరవై దగ్గర పడ్డది. మక్కలు వేసే రోజుల్లో నాగలి వెనుక సాలులో గింజలు వదిలే అయిదుగురు ఆడవాళ్లకు ఆమే పెద్ద. నడుముకు ఒడిగుడ్డ కట్టుకుని, అందులో గింజలు పోసుకుని, వంగి నడుస్తూ బొటనవేలితో ఒక్కొక్క గింజ తోస్తుంటే చూసేవాళ్లకు ఆమె చెయ్యి కదిలినట్టే ఉండదు. మొలకలు వచ్చాక చూస్తే మాత్రం తాడు పట్టి నాటినట్టు ఉంటాయి. అందుకే ఆ పేరు. పారకు అతుకు వేయించుకోవడానికి వచ్చి, నా మిషన్ ముందు ఆగింది. నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఈ కథే లేదు. "ఇగ ఈ యేడు సంది నీ చెయ్యికి సెలవు అవ్వా" అన్నాను.

ఆమె డబ్బాలోకి వంగి చూసింది. "దీనికి కండ్లు ఏడున్నయే?"

"కండ్లు ఎందుకవ్వా? లెక్కున్నది."

"లెక్క సరే. సాలుల బండరాయి వస్తె నేను దాటి ఏస్త. ఇది రాయి మీదనే ఏసి మురుస్తది."

ఆ రోజు షాపులో ఐటీ సార్ కూడా ఉన్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఎప్పటినుంచో హైదరాబాదులో స్థిరపడి, ఎంకపల్లిలో కొంచెం భూమి కొనుక్కున్నాడు. శనివారాలు రైతు, సోమవారాలు మేనేజరు. అప్పటికి మా దగ్గర మూడో గేటు చేయించుకుంటున్నాడు. ఆయనకు మా తగవు తెగ నచ్చింది. "ఒక పని చేద్దామండీ" అన్నాడు మామతో. "నా పొలంలో ఇరవై గుంటలు, అంటే అరెకరం, ఖాళీగా ఉంది. ఈ మిషన్‌తోనే వేయించండి, ఎడ్లతోనే, ట్రాక్టరు వద్దు. మొలకలొచ్చాక నేను టేపు పెట్టి చూస్తాను. ఏ పది అడుగుల్లో అయినా రెండు తప్పులు దాటితే మిషన్ ఓడిపోయినట్టు. సరేనా అవ్వా?"

అవ్వ నా వైపే చూసింది. "మిషన్ గెలిస్తె నా ఒడిగుడ్డ ఇప్పి ఈ పిల్ల చేతుల పెడ్త, ఇగ సాలు తొక్క. ఓడిందనుకో, ఇదే ఒడి కట్టుకొని వానకాలమంత నా ఎనుక నడువాలె." నేను సరేనన్నాను. వెనుక నుంచి మామ నా జడ పట్టి మెల్లగా లాగాడు. ఆలస్యమైపోయింది. సాయంత్రానికల్లా ఈ పందెం చాయ్ హోటల్ దాటి బస్టాండు దాకా పాకింది. మిషన్ నడిస్తే తమకూ ఒక్కొక్కటి కావాలని దొంతన్‌పల్లి వైపు నుంచి ముగ్గురు రైతులు మాట కూడా ఇచ్చారు. నడవకపోతే నాకు కోచింగ్ సీటు సిద్ధంగా ఉందని అమ్మ మాట ఇచ్చింది.

మొదటి పెద్ద వాన పడి, పొలం పదునెక్కిన మరునాడు ముహూర్తం. మామ ఒకప్పుడు వార్డు మెంబరుగా చేసినవాడు. నలుగురు కనబడితే నిలబడి మాట్లాడకుండా ఉండలేడు, ఆ రోజు నలభై మంది కనబడ్డారు. గింజలవ్వ కూడా తన అయిదుగురినీ వెంటబెట్టుకుని వచ్చి గట్టు మీద కూర్చుంది. మా వైపు కొత్త బండి గానీ బోరు మోటారు గానీ కొబ్బరికాయ కొట్టకుండా ముట్టుకోరు. మిషన్‌కు పసుపు పూశారు, కుంకుమ పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. లోపలున్న మందు పట్టించిన గులాబీ రంగు విత్తనాలు అందరికీ కనబడాలని డబ్బా మూత నేనే తెరిచిపెట్టాను. మామ కొబ్బరికాయ పట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఎవరో రాయి చూపించారు. "రాయి మీద కొడితె పుణ్యం రాయికి పోతది. మిషన్ మీదనే కొట్టాలె" అని, డబ్బా అంచుకేసి ఒక్క దెబ్బ కొట్టాడు. మంచి ముదురు కాయ. నిండా నీళ్లున్నాయి. ఒక చెక్కలో నీళ్లు డబ్బా గోడ వెంట జారి ఈ ప్లేటు మీదికి, ఇంకో చెక్కలో నీళ్లు ఆ ప్లేటు మీదికి, ఒక్క చుక్క కూడా బయటికి పోలేదు. అభిషేకం చేసినట్టు.

మూడేళ్లు మెకానికల్ చదివిన మనిషిని, పక్కనే నిలబడి ఉన్నాను. ఏం చేశానంటారా? చేతులు జోడించి కళ్లు మూసుకుని దండం పెట్టాను. విత్తనాల మందు, పసుపు, తీపి నీళ్లు కలిస్తే ఏమవుతుందో మా సిలబస్‌లో లేదు. కాయ కుళ్లకుండా తెల్లగా పగిలిందని, శుభశకునమని మురిసిపోయాను కూడా.

ఎడ్లను మామే తోలాడు. నేను డబ్బా మూత వేసి మిషన్ పక్కన నడిచాను. టిక్కు, టిక్కు, టిక్కు. నాలుగు అంగలు వేశామో లేదో చప్పుడు ఆగింది. కొత్త మిషన్ కదా, నడిచే కొద్దీ మెత్తబడిందనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. ఫోన్‌లో వీడియో తీస్తున్న సార్‌తో "చూసిన్రా సార్, చప్పుడు గిట్ల ఏమన్న వస్తున్నదా? అంత స్మూత్ నడుస్తది మా మిషన్" అని, ఆ మాట వీడియోలో పడేలా రెండుసార్లు చెప్పాను. వరసలు ఒక్కొక్కటే పూర్తవుతున్నాయి. గట్టు మీదున్నవాళ్లు ఈలలు వేశారు. మా వెనకాల గింజలవ్వ ఏదో పోగొట్టుకున్నదానిలా కాలి వేలితో మట్టి గీకుతూ నడుస్తోంది. కుళ్లుకుంటోందిలే అనుకున్నాను. ఇరవై గుంటలూ గంటలోపే అయిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఎన్ని గింజలు మిగిలాయో చూద్దామని నేను డబ్బా మూత తెరిచాను.

అన్నీ మిగిలాయి.

పైన గింజలు పొడిగానే ఉన్నాయి. చెయ్యి లోపలికి పెడితే అడుగున గులాబీ రంగు ముద్ద, గోడకు పెట్టే లప్పం లాగా, ప్లేట్లను కరిచిపట్టుకుని ఉంది. నేను అంత గర్వపడ్డ పిన్ను తన పని తాను చక్కగా చేసి, చప్పుడు కాకుండా విరిగిపోయింది. ఇంతసేపూ చక్రం ఉత్తగా తిరిగింది. మేం ఇరవై గుంటల భూమికి అందంగా గీతలు గీసి వచ్చామన్నమాట. సార్ దగ్గరికి వస్తున్నాడు. నేను మూత మూసి దాని మీద కూర్చున్నాను.

"ఎన్ని మిగిలాయమ్మా?" అన్నాడు సార్.

"మిగిలినయ్ సార్. ఉన్నయ్ కొన్ని."

సార్ షెడ్డులో భోజనాలు పెట్టించాడు. కోడిపులుసు, గారెలు. అందరూ అటు కదిలారు. మామ ఆగి నన్ను రమ్మన్నాడు. "నాకు ఒక్కపొద్దు మామా, నేను తిన" అన్నాను. ఆ రోజు ఏ వారమో కూడా నాకు గుర్తులేదు. మామ నా మొహం చూశాడు, నేను కూర్చున్న మూత చూశాడు. "నీకు ఒక్కపొద్దు ఎప్పటి సంది?" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

మా వైపు అప్పట్లో మొదటి బంతి మగవాళ్లది, ఆడవాళ్లు రెండో బంతికి కూర్చోవాలి. ఆ పద్ధతి మీద నాకు ముందు నుంచీ కోపమే, ఇప్పటికీ కోపమే. ఆ ఒక్క పూట మాత్రం దాని వల్ల గట్టు మీద గింజలవ్వ, ఆమె మనుషులు మిగిలారు. అవ్వ లేచి నా దగ్గరికి వచ్చింది. నేను ఏడుపు ఆపుకుంటున్నాను.

"నాలుగు అంగల కాడికెల్లి ఒక్క గింజ పడలే" అంది. "ఎనుక నడుసుకుంట చూస్తనే ఉన్న."

"మరి చెప్పలేదేందవ్వా?"

"గంత మంది ముంగట చెప్తె మీ మామ తలకాయ ఏడ పెట్టుకుంటడే? ఇగ లే. మూత తియ్యి."

"నువ్వు గెలిచినవ్ కద. నేనే పొయ్యి అందరికి చెప్త."

"గెలుసుడు ఓడుడు మల్ల చూద్దాం. ఎండ ఎట్ల కొడుతున్నదో చూసినవా? పదును రేపటిదాంక ఉండదు. ఇయ్యాల గింజ పడకుంటె ఆ సారు భూమి పడావు పడుతది. లే బిడ్డా." 

ఆరుగురు ఆడవాళ్లు కొంగులు బిగించి, డబ్బాలోని పొడి గింజలు ఒడిలో పోసుకుని సాళ్లలోకి దిగారు. కర్రు తీసిన సాళ్లు ఉండనే ఉన్నాయి. గింజ వదలడం, కాలితో మట్టి తొయ్యడం, అంతే. అంతే అని నేనంటున్నాను గానీ, వాళ్లలా వంగి అంత వేగంగా నడుస్తుంటే నేను చూస్తూ నిలబడిపోయాను. మామూలుగా పాటలు పాడుకుంటూ చేసే పనిని నవ్వు ఆపుకుంటూ చేస్తున్నారు. ఒకామె నవ్వు బయటికి వస్తే అవ్వ మట్టిపెళ్ల తీసి విసిరింది. నేనూ చున్నీని ఒడిగా కట్టుకుని, గట్టు పక్క సాలు ఒకటి తీసుకున్నాను. పది అంగలకే నడుము పట్టేసింది. ఒక గింజ వేద్దామంటే మూడు జారుతున్నాయి, మూడు ఏరుకునేలోపు అంగ దాటిపోతోంది. మధ్యమధ్యలో తలెత్తి షెడ్డు వైపు చూసేదాన్ని. వాకిట్లో మామ ఒక్కడే కనబడేవాడు, మిగతా బంతంతా గోడ చాటున. బంతిలో ఒకరు ఇంకా తింటుంటే మిగతావాళ్లు లేవరు, లేస్తే తప్పు. దేవుడి దయ వల్ల మామకు ఆ రోజు ఎక్కడలేని ఆకలి పుట్టింది. నేను చూసినప్పుడల్లా ఆయన పులుసు పోయించుకుంటూనే ఉన్నాడు. మాట్లాడుతున్నాడు, తింటున్నాడు, మళ్లీ పోయించుకుంటున్నాడు. ఆయన తిండిపోతుతనానికి జీవితంలో మొదటిసారి మనసులో దండం పెట్టుకున్నాను. ఆయన చెయ్యి కడిగే వేళకు మేం ఆఖరి సాలు పూడ్చి గట్టెక్కాం.

చేతులు ఎంత తోమి కడిగినా విత్తనాల మందు రంగు పోలేదు. ఏడుగురివీ గులాబీ రంగు చేతులే. సార్ నా అరచేతులు చూసి "ఏమ్మా, గోరింటాకు పెట్టుకున్నావా?" అన్నాడు. అవునన్నాను. అవ్వ వాళ్లు చేతులు కొంగుల్లో దాచుకుని రెండో బంతికి కూర్చున్నారు.

వారం తిరిగేసరికి మొలకలు వచ్చాయి. సార్ టేపు పట్టుకుని సాలు వెంట సాలు కొలిచాడు. జానెడుకొక మొక్క, జానెడుకొక మొక్క. తప్పు వెతకడానికి కూర్చుని వెతికినా దొరకలేదు. "ఫెంటాస్టిక్ అండీ" అంటున్నాడు ప్రతి సాలు దగ్గరా. ముగ్గురు రైతులూ వెంటే ఉన్నారు. చివరికి గట్టు పక్క సాలు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఒక చోట నాలుగు మొలకలు గుంపుగా, ఆ తరువాత రెండు అంగల దాకా ఏమీ లేవు, తరువాత మళ్లీ మూడు, ఒకటి మాత్రం ఎలా వెళ్లిందో గట్టు మీదే. సార్ తల గోక్కున్నాడు. "ఈ ఒక్క సాలులో మిషన్‌కి ఏదో తిక్క పట్టినట్టుందండీ. రూల్ ప్రకారం చూస్తే…" 

ఆ పొలం మొత్తంలో యంత్రం తప్పు చేసిందని ఆయన పట్టుకున్న సాలు నా చేత్తో నేను వేసింది. మిషన్ తరఫున మాట్లాడితే నన్ను నేను తిట్టుకోవాలి, నా తరఫున మాట్లాడితే మిషన్ ఓడిపోతుంది. అవ్వే ముందుకు వచ్చింది. "మిషన్ అన్నంక ఒక్కపారి తిక్క లేవదా సారూ. ఆఖరి సాలుకు ఎడ్లు కూడ అలిసిపోతయి. గది ఇడిచిపెట్టున్రి. మిగిలినయి చూసిన్రు కద. నేనే ఓడిన." అని, అందరి ముందూ నడుముకున్న ఒడిగుడ్డ విప్పింది. వెలిసిపోయిన నీలం రంగు గుడ్డ, అంచు రెండుచోట్ల కుట్టి ఉంది. మడత పెట్టి నా చేతిలో పెట్టింది. నేను నిజం చెప్పేద్దామని "సార్…" అన్నాను. అవ్వ నా మోచేతి మీద గోళ్లు దిగేలా గిల్లింది. అందరూ చప్పట్లు కొట్టారు. చాలా సిగ్గుపడ్డాను. సిగ్గుపడుతూనే బతికిపోయాననుకున్నాను. రెండూ నిజమే.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి ఆ గుడ్డ ఎందుకిచ్చావని అడిగాను. "నా మోకాళ్లు ఓడి రెండేండ్లయితున్నది బిడ్డా. మనుషుల ముంగట ఒప్పుకునేతందుకు ఒక సాకు దొరికింది" అంది. తరువాత గొంతు మార్చింది. "గని నీకు నాకు అసలు సంగతి ఎరుకే. రేపు పొద్దుగాల ఒడి కట్టుకొని రా. నేను గట్టు మీద కూసుంట, నువ్వు సాలు తొక్కు. మిషన్ చేస్తవు గని, గింజ ఎట్ల పడుతదో నీకు తెల్వది." ఆ వానకాలమంతా, డిజైన్ కోసం కొలతలు తీసుకుంటున్నానని ఊరికి చెప్పి, ఆమె కేకలు వింటూ అందరి పొలాల్లో గింజలు వేశాను. వంకర తగ్గలేదు గానీ ఒక సంగతి తెలిసింది. అవ్వ అంతలా వంగేది గింజ ఎత్తు నుంచి పడితే ఎగిరి పక్కకు పోతుందని. నా మిషన్‌లో గింజ నడుమెత్తు నుంచి పైపులో దొర్లుకుంటూ వస్తోంది. పైన ప్లేటు ఎంత సరిగ్గా వదిలినా కింద పడేసరికి దాని దారి దానిదే. ప్లేట్లను కిందికి, కర్రు పక్కకు దించాను. కంకి నడుమ గింజలు ఒక్క తీరుగా ఉంటాయని, మొదటా చివరా గింజలు లావూ సన్నమూ అవుతాయని కూడా ఆమే చూపించింది. గుంటల కొలత మార్చాను. ఇంకా, డబ్బాకు ఇంటికప్పులా వాలుగా ఉండే మూత పెట్టి తాళం వేశాను. ఎందుకని సార్ అడిగితే "రెయిన్ ప్రొటెక్షన్ సార్" అన్నాను. ఆ ముగ్గురు రైతులకూ ఇచ్చింది ఆ మిషన్లే. వాటిని ఎవరూ తిరిగి తేలేదు. అవ్వ వాటి వెనుక కాలి వేలితో మట్టి గీకుతూ నడిచేది, మామ ఆమెకు ఆ పనికే కూలి ఇచ్చేవాడు. కోచింగ్ మాట అమ్మ మళ్లీ ఎత్తలేదు.

ఇది జరిగి పన్నెండేళ్లు దాటింది. ఇప్పుడు షాపు నేనే చూస్తున్నాను. మామ కంటి ఆపరేషన్ అయ్యాక మధ్యాహ్నాలు వచ్చి కుర్చీలో కూర్చుని, కుర్రాళ్ల వెల్డింగ్‌కు వంకలు పెట్టి వెళ్తుంటాడు. ఈ వానకాలం మొదట్లో ఒక రోజు చాయ్ తాగుతూ ఎందుకో మనసు ఆగలేదు. ఆయన గొప్పగా చెప్పుకునే ఆ మొదటి రోజు అసలు కథ మొత్తం చెప్పేశాను. ముద్ద, పిన్ను, అవ్వ, చున్నీ, గట్టు పక్క సాలు, అన్నీ. ఇన్నేళ్లు మోసం చేసినందుకు తిడతాడనుకున్నాను. ఆయన చాయ్ ఊదుకుంటూ విన్నాడు.

"నాకు ఎరుకే" అన్నాడు.

"ఏం ఎరుక?"

"కొబ్బరికాయ కొట్టింది నేనే కద కోడలా. నీళ్లు ఎటు పొయ్యినయో నాకు తెల్వదా? కొట్టినంకనే గుండెల రాయి పడ్డది. నలుగురిల ఎట్ల చెప్పాలె? నువ్వేమో దండం పెడుతున్నవు. మల్ల నువ్వు మూత మీద కూసుంటివి, అవ్వ నీ దిక్కు వచ్చుడు చూస్తి." గ్లాసు కింద పెట్టాడు. "నాకు కోడిపులుసు పడనే పడదు. అరుగది. ఆరు సార్లు పోయించుకున్న. బంతిల నేను తింటున్నంత సేపు ఎవడు లేస్తడు? మూడు రోజులు కడుపు నొప్పితోని పండుకున్న, మీ అత్తకు కూడ చెప్పలే."

నేను నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవ్వ మా పరువు కోసం తన గెలుపు వదులుకుంది, మామ నా పరువు కోసం పడని పులుసు తాగాడు. వాళ్లిద్దరి మధ్య డబ్బా మూత మీద కూర్చుని, చేవెళ్ల మండలంలో ఇంత తెలివైనదాన్ని నేనొక్కదాన్నే అనుకున్న ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు, ముద్దొచ్చింది. పాపం, ఒక్కపొద్దని చెప్పింది కదా. అందరూ తిని వెళ్లిపోయేదాకా ఆ గారెల వాసన పీలుస్తూ, ఖాళీ కడుపుతో బస్సెక్కి మొయినాబాద్ చేరింది.